వేగసూచిక తప్పినప్పుడు: వర్షాకాలానికి ముందు పైలట్లు గుర్తుంచుకోవలసిన జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు దగ్గరపడుతున్నాయంటే విమాన సిబ్బంది తడి రన్‌వేల గురించి, ల్యాండింగ్‌లో పక్కగాలుల గురించి సిద్ధమవుతారు. అంతే శ్రద్ధ పిటో గొట్టాలపైనా పెట్టాలి. విమానం ముక్కు దగ్గర బయటికి పొడుచుకొని ఉండే ఈ చిన్న గొట్టంలో ఎదురుగాలి కలిగించే పీడనాన్ని, బయటి గాలి పీడనాన్ని అందించే స్టాటిక్ రంధ్రాల దగ్గరి పీడనంతో పోల్చి కంప్యూటర్లు వేగాన్ని లెక్కకడతాయి. కింద ఎంత ఎండ కాస్తున్నా 35,000 అడుగుల ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఉష్ణమండలపు క్యుములోనింబస్ (ఉరుముల) మేఘాలు తేమను అక్కడిదాకా ఎత్తుకుపోయి, ఈ గొట్టాలను మూసేయగల మంచు స్ఫటికాలుగా మారుస్తాయి కనుక, ఇది చలిదేశాల సమస్య అనుకోవడానికి వీల్లేదు.

2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళుతూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం అటువంటి మేఘాల మధ్యనే చిక్కుకుంది. ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ 2012లో వెలువరించిన తుది నివేదిక ప్రకారం, మంచుతో గొట్టాలు మూసుకుపోయి వేగం అంకెలు తప్పినది సుమారు ఒక్క నిమిషం మాత్రమే. ఆటోపైలట్ తొలగిపోగానే విమానం నడుపుతున్న కో-పైలట్ సైడ్‌స్టిక్‌ను (ముక్కును ఎత్తడానికి, దించడానికి వాడే పిడిని) వెనక్కి లాగడంతో ఆ ఎయిర్‌బస్ ఏ330 దాదాపు 38,000 అడుగులకు ఎగబాకి, రెక్కలకు ఎత్తిపట్టే బలం చాలక స్టాల్‌లోకి జారింది. స్టాల్ హెచ్చరిక 54 సెకన్లు ఎడతెగకుండా మోగినా ముక్కును కావలసినంతగా దించలేదు. నాలుగున్నర నిమిషాల లోపే అందులోని 228 మందీ చనిపోయారు. మంచును ఒక్కదాన్నే నిందించడం నా దృష్టిలో సగం నిజమే.

జాగ్రత్త నేల మీదే మొదలవుతుంది. నిలిపి ఉంచిన విమానం గొట్టాల్లో కందిరీగలు గూళ్లు కట్టకుండా కవర్లు తొడుగుతారు. ఆ కవర్లు తీయకుండానే 2018 జూలైలో మలేషియా ఎయిర్‌లైన్స్ ఏ330 ఒకటి బ్రిస్బేన్‌లో టేకాఫ్ అయింది. అది క్షేమంగా తిరిగి దిగింది. కాబట్టి చుట్టూ తిరిగి చూసేటప్పుడు ప్రతి గొట్టాన్నీ విడివిడిగా, రాత్రివేళ టార్చి వేసి మరీ చూడాలి. గొట్టాల హీటర్లను చేత్తో వేయవలసిన విమానాలలో చెక్‌లిస్టులోని ఆ మాటను చదివేసి ఊరుకోకుండా స్విచ్ మీద కన్ను పెట్టి నిర్ధారించుకోవాలి.

గాలిలో ఉన్నప్పుడు వాతావరణ రాడార్‌ను ఎంత నమ్మాలో తెలిసి ఉండాలి. ఎత్తున ఉండే మంచు స్ఫటికాలు రాడార్ కిరణాలను చాలా బలహీనంగా తిప్పి పంపుతాయి. తెర మీద రంగు కనబడనంత మాత్రాన ముందు ఏమీ లేదని కాదు. ఏంటెనాను కిందికి వంచి, వాన నిండిన మేఘపు మధ్యభాగాన్ని వెతికి, దాని మీదుగా కాకుండా చుట్టుతిరిగి వెళ్లేందుకు ముందుగానే అనుమతి అడగాలి. కాక్‌పిట్‌లో వింత వాసన, అద్దాల మీద చిటపటలు, బయటి ఉష్ణోగ్రత సూచిక ఉన్నట్టుండి పెరగడం వంటివి స్ఫటికాల ఆనవాళ్లు కావచ్చు.

అంకెలు తప్పాయనుకున్న క్షణంలో వాటి వెంట పరుగెత్తకూడదు. 1974 డిసెంబరు 1న న్యూయార్క్ రాష్ట్రంలో కూలిన నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 727లో హీటర్లు వేయలేదు. గొట్టం పూర్తిగా మూసుకుపోతే లోపలి పీడనం అలాగే ఉండిపోతుంది, పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది, దాంతో అసలు వేగం తగ్గుతున్నా సూచిక పెరుగుతూనే ఉంటుంది. దాన్ని నమ్మి సిబ్బంది ముక్కును ఎత్తుతూ పోయి స్టాల్‌లో పడ్డారు. 2018 ఫిబ్రవరి 11న మాస్కో సమీపంలో కూలిన సరతోవ్ ఎయిర్‌లైన్స్ ఏఎన్-148లోనూ హీటర్లు వేయలేదు, కానీ అక్కడ సూచిక పడిపోవడంతో ముక్కును కిందికి తోశారు. 71 మంది మరణించారు. సూచిక చెప్పిన అబద్ధం రెండుచోట్లా వేరు, దాన్ని నమ్మి చేసిన పని ప్రాణాంతకమైంది రెండుచోట్లా.

అందువల్ల ఆటోపైలట్‌ను, ఇంజిన్ల బలాన్ని (థ్రస్ట్‌ను) దానంతట అదే సర్దే ఆటోథ్రస్ట్‌ను తీసేసి, మీ విమానం మాన్యువల్ ఆ ఎత్తుకు, ఆ బరువుకు చెప్పిన ముక్కు కోణాన్ని, థ్రస్ట్‌ను పెట్టి, రెక్కలను సమంగా నిలపాలి. ఆ అంకెలు జ్ఞాపకంలో ఉండాలి, పుస్తకం తెరిచే వ్యవధి దొరకదు. ఒకరే నడపాలి, రెండోవారు ఎత్తును, కోణాన్ని, జీపీఎస్ భూవేగాన్ని బిగ్గరగా చదువుతూ ఉండాలి. ఎయిర్‌బస్‌లో ఇద్దరి సైడ్‌స్టిక్‌లూ కలిసి కదలవు కనుక పక్కవారు లాగుతున్న సంగతి చూపుకు అందకపోవచ్చు. స్టాల్ హెచ్చరిక మోగితే ముందు ముక్కు దించాలి. 447లో వేగసూచిక 60 నాట్ల కంటే తక్కువకు పడిపోయినప్పుడు హెచ్చరిక ఆగిపోయింది, ముక్కు దించబోతే మళ్లీ మోగింది; కాబట్టి దించగానే మోగిందని మళ్లీ ఎత్తకూడదు.

అంకెలు తిరిగి కుదుటపడినా మూడు వేగసూచికలూ, భూవేగమూ ఒకదానితో ఒకటి పొసిగేవరకు ఆటోపైలట్‌ను పెట్టకుండా ఉండటం మేలు. దిగిన తరువాత ఎన్ని సెకన్లు తప్పింది, ఏ ఎత్తున, ఏ మేఘం దగ్గర అన్నది టెక్నికల్ లాగ్‌లో రాస్తేనే ఇంజనీర్లు గొట్టాలను విప్పి చూస్తారు.