పావెల్ హాస్ క్వార్టెట్‌ని వినాలంటే వయోలాతో మొదలుపెట్టండి

మన విజయనగరం వాళ్ళకి ఫిడేలు కొత్తేం కాదు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, అక్కడ పాఠం చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు, ఇవన్నీ చిన్నప్పటి నుంచి వింటున్న పేర్లే. అయినా పావెల్ హాస్ క్వార్టెట్ అనే ఈ చెక్ బృందం రికార్డింగ్ పెట్టి ఇస్తే చాలామంది ఐదు నిమిషాల్లో ఆపేస్తారు, నేనూ మొదట్లో అలాగే ఆపేశాను. ఎందుకంటే మనం కచేరీ విన్నట్టు మొదటి వయొలిన్ ఒక్కటే ప్రధానం, మిగతావి పక్కవాద్యాలు అనుకుని వింటాం. ఇక్కడ పక్కవాద్యమే లేదు. క్వార్టెట్ అంటే నలుగురి బృందం, ఆ నలుగురి కోసం రాసిన కృతినీ అలాగే పిలుస్తారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం చెల్లో ఒకటి, ఎవరి వంతు వస్తే వాళ్ళు ముందుకొస్తారు.

అందుకే ముందు వయోలాని పట్టుకోండి. వయొలిన్ కన్నా కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. చెక్ స్వరకర్త స్మెతానా 1876లో రాసిన 'నా జీవితం నుంచి' క్వార్టెట్‌ని వీళ్ళు వాయించిన రికార్డింగ్ 2015లో వచ్చింది, అది పెట్టుకోండి. ఫోన్ స్పీకర్ వద్దు, చెల్లో అడుగు స్వరాలు అందులో వినపడవు. రాత్రి పది దాటి గంటస్తంభం వైపు బళ్ళ రొద తగ్గాక, ఇయర్‌ఫోన్స్‌తో మేడ మీద కూర్చోండి. మొదట్లోనే నలుగురూ కలిసి ఒక్క దెబ్బ వేస్తారు, ఆ వెంటనే వయోలా అందుకుంటుంది. మొదటిసారి దాని వెనకే వెళ్ళండి, ఇంకేం పట్టించుకోకండి.

నాలుగో భాగం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. హుషారుగా సాగుతున్న సంగీతం ఉన్నట్టుండి ఆగిపోతుంది, కింద మిగతావాళ్ళ తీగలు వణుకుతుంటాయి, పైన మొదటి వయొలిన్ ఒకే ఒక్క తారస్థాయి స్వరం పట్టుకుని వదలదు. 1874లో స్మెతానాకి పూర్తిగా చెవుడు వచ్చింది, అంతకుముందు చెవిలో మోగిన కీచు శబ్దం అదే. ఎన్నిసార్లు విన్నా నాకు అక్కడ గుండె పట్టేస్తుంది.

ఇక వాళ్ళ ప్రయాణాన్ని వరసగా వినండి. వెరోనికా యారూష్కోవా 2002లో ఈ బృందాన్ని పెట్టారు, 2005లో ఇటలీలో పావొలో బోర్చానీ క్వార్టెట్ పోటీ గెలిచారు. తొలి ఆల్బమ్‌లో చెక్ స్వరకర్త యానాచెక్ రెండో క్వార్టెట్, దాని పక్కనే ఆయన శిష్యుడు పావెల్ హాస్ రాసిన రెండో క్వార్టెట్. హాస్‌ని 1944లో ఆష్విట్జ్‌లో నాజీలు చంపేశారు, బృందం పేరు ఆయనదే. ఆ క్వార్టెట్ చివరి భాగంలో తాళవాద్యాలు కూడా వస్తాయి, మృదంగానికి అలవాటైన చెవికి అక్కడ వెంటనే ఉత్సాహం వస్తుంది. తర్వాత మరో చెక్ స్వరకర్త ద్వోర్జాక్ క్వార్టెట్ల ఆల్బమ్ వినండి, 2011లో గ్రామఫోన్ పత్రిక ఆ ఏటి మేటి రికార్డింగ్‌గా ఎంచింది దాన్నే.

వీళ్ళకి నేర్పినవాళ్ళలో మిలన్ ష్కాంపా ఒకరు. 1945లో మొదలైన స్మెతానా క్వార్టెట్‌లో ఆయన వయోలా వాయించారు, ఆ బృందం ఎదురుగా కాగితాలు లేకుండా కంఠతా వాయించడానికి పేరుపడింది. గురువుగారి బృందం వాయించిన 'నా జీవితం నుంచి' కూడా వెతికి, రెండింటి మొదటి రెండు నిమిషాలూ పక్కపక్కన పెట్టి వినండి. తేడా వయోలాలోనే తెలుస్తుంది.

చివరగా ఇంకొకటి. మొదటి నుంచీ వయోలా వాయించిన పావెల్ నికల్ 2016లో బృందం నుంచి తప్పుకున్నారు, కానీ 2017లో వచ్చిన ద్వోర్జాక్ క్వింటెట్ల (ఐదుగురు వాయించే కృతుల) ఆల్బమ్‌లో అతిథిగా మళ్ళీ వాయించారు. అందులో రెండు వయోలాలున్న క్వింటెట్ పెట్టి, పాత గొంతేదో కొత్త గొంతేదో గుర్తుపట్టి చూడండి.