కాంపొనెంట్లు విడిగా బాగానే ఉన్నాయి, కలిపితేనే తేడా: లక్షణం, కారణం, పరిష్కారం

ఫంక్షన్లు, లూపులు, ఏపీఐ కాల్స్ అన్నీ వచ్చు. వీడియో చూసి చేసిన టు-డూ యాప్ కూడా నడిచింది. తీరా సొంతంగా పది పన్నెండు కాంపొనెంట్లు (తెర మీద ఒక్కో ముక్కను చూపే కోడ్ భాగాలు) కలిపి యాప్ కట్టబోతే ఎక్కడో ఒకచోట బెడిసికొడుతుంది. హన్మకొండలో కోర్సు చేసి, మడికొండ ఐటీ పార్కులో ఇంటర్న్‌షిప్ కోసం ప్రాజెక్టు తయారు చేసుకునే పిల్లల కోడ్ చూస్తుంటే మళ్లీ మళ్లీ అవే లక్షణాలు కనిపిస్తుంటాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు రియాక్ట్‌వి (వెబ్ తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ). వ్యూ, యాంగులర్‌లో పేర్లు మారతాయి గానీ సమస్యలు చాలావరకు ఇవే.

అన్నిటికీ ఒకటే యాప్ తీసుకుందాం. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు కోసం ఒక చిన్న లెక్కల యాప్. పైన లాట్ల జాబితా, ఒక్కో లాట్‌కు ఒక కార్డు (రకం, బస్తాలు, కాంటా బరువు, క్వింటా రేటు), కింద తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ). ఏ లక్షణం కనిపించినా కోడ్ ముట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ విలువ ఏ కాంపొనెంట్ సొంతం? జవాబు వెంటనే రాకపోయినా, రెండు పేర్లు వచ్చినా తప్పు అక్కడే ఉంది.

లక్షణం: కార్డులో రేటు మారింది, తక్‌పట్టీలో పాతదే ఉంది

"అన్నా, లిస్టుల రేటు మారుతున్నది, పట్టీల మారుతలేదు." అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. క్వింటా రేటు 14,000 నుంచి 14,500కు దిద్దుతారు. కార్డు కొత్తది చూపిస్తుంది, తక్‌పట్టీ 14,000తోనే లెక్క కడుతుంది. పేజీ రిఫ్రెష్ చేస్తే సర్దుకుంటుంది. రిఫ్రెష్‌తో సర్దుకుందంటే సర్వర్‌లో తప్పు లేదు, బ్రౌజర్‌లో ఎవరో పాత కాపీ పట్టుకుని కూర్చున్నారన్నమాట.

తక్‌పట్టీ కాంపొనెంట్ తెరవండి. ప్రాప్‌గా (పై కాంపొనెంట్ పంపిన విలువగా) వచ్చిన రేటును తీసుకెళ్లి యూజ్‌స్టేట్‌లో (కాంపొనెంట్ తన సొంత విలువను, అంటే స్టేట్‌ను, దాచుకునే చోట) పెట్టి ఉంటారు. యూజ్‌స్టేట్‌కు ఇచ్చే ప్రారంభ విలువను రియాక్ట్ మొదటి రెండర్‌లోనే (తెర మీద చూపేందుకు కాంపొనెంట్‌ను మొదటిసారి నడిపినప్పుడే) చూస్తుంది. ఆ తర్వాత ప్రాప్ ఎన్నిసార్లు మారినా ఆ గడప తొక్కదు. ఒకే రేటుకు ఇద్దరు సొంతదారులు తయారయ్యారు, ఇద్దరి మాటా కలవడం లేదు.

చాలామంది దీనికి యూజ్‌ఎఫెక్ట్ (రెండర్ అయ్యాక నడిచే కోడ్) రాసి, ప్రాప్ మారినప్పుడల్లా స్టేట్‌ను కూడా మారుస్తారు. పని జరిగినట్టే ఉంటుంది. కానీ ముందు పాత రేటుతో ఒకసారి, వెంటనే కొత్త రేటుతో ఇంకోసారి రెండర్ అవుతుంది. రేపు తరుగు, ఎల్లుండి హమాలీ ఖర్చు వచ్చి చేరితే వాటికీ తలా ఒక ఎఫెక్ట్ రాయాలి. అది వద్దు. ఆ స్టేట్‌నే తీసేయండి. రేటు, బరువు ప్రాప్స్ నుంచే తీసుకుని రెండర్‌లోనే గుణించండి: 32 క్వింటాళ్లు, 14,500 చొప్పున 4,64,000 రూపాయలు. లెక్క కట్టి తెచ్చుకోగలిగే విలువను స్టేట్‌లో దాచకూడదు. ఇంత చిన్న గుణకారానికి యూజ్‌మెమో (పాత ఫలితాన్ని గుర్తుంచుకుని మళ్లీ ఇచ్చేది) కూడా దండగే.

రేటు కార్డు సొంత స్టేట్‌లో ఉంటే పక్కనున్న తక్‌పట్టీకి అసలే తెలియదు. దాన్ని ఇద్దరికీ పైనున్న పేరెంట్‌కు చేర్చి, అక్కడి నుంచి ఇద్దరికీ ప్రాప్‌గా పంపండి. మార్చే ఫంక్షన్ కూడా అక్కడి నుంచే కిందికి వస్తుంది.

ఒక్కచోట మాత్రం కాపీ న్యాయమే. రేటు దిద్దే ఫారంలో, సేవ్ నొక్కేదాకా ఉండే చిత్తు విలువ ఆ ఫారం సొంతం. వేరే లాట్ ఎంచుకున్నప్పుడు పాత చిత్తు మిగిలిపోతుంటే, ఫారానికి లాట్ ఐడీని కీగా (రియాక్ట్ గుర్తుపట్టే గుర్తుగా) ఇవ్వండి. కీ మారితే రియాక్ట్ పాత ఫారాన్ని తీసేసి కొత్తది కడుతుంది, ఎఫెక్ట్‌తో పని లేదు.

లక్షణం: ఒక్క అక్షరం కొట్టగానే బాక్సులోంచి కర్సర్ పోతోంది

బరువు బాక్సులో 3 కొడతారు. 2 కొట్టాలంటే మళ్లీ బాక్సు మీద నొక్కాలి. ఫోన్‌లో అయితే కీబోర్డే మూసుకుపోతుంది. ఈవెంట్ హ్యాండ్లర్‌లో తప్పు కోసం గంటలు వెతుకుతారు, అక్కడ ఏమీ ఉండదు.

కారణం: ఒక కాంపొనెంట్ ఫంక్షన్ లోపలే ఇంకో కాంపొనెంట్‌ను రాశారు. పేరెంట్ రెండర్ అయిన ప్రతిసారీ లోపలి ఫంక్షన్ కొత్తగా పుడుతుంది. పేరు అదే అయినా రియాక్ట్ దృష్టిలో అది వేరే రకం. పాత బాక్సును పీకేసి కొత్త బాక్సు పెడుతుంది, ఫోకస్ పాతదానితోనే పోతుంది. లోపలి కాంపొనెంట్‌ను ఫైలు పై స్థాయికి తెచ్చి, దానికి కావాల్సినవి ప్రాప్స్‌గా ఇవ్వండి, సరిపోతుంది.

లక్షణం: ఒక లాట్ తీసేస్తే దాని పక్క నోటు ఇంకో లాట్‌కు అంటుకుంది

మూడు లాట్లు: తేజ, వండర్ హాట్, చపాటా. ప్రతి కార్డులో నోటు రాసుకునే బాక్సు ఉంది, అందులోని మాట కార్డు సొంత స్టేట్. వండర్ హాట్ కార్డులో "తేమ ఎక్కువ" అని రాశారు. మొదటి లాట్ తేజను తీసేశారు. ఇప్పుడు చూస్తే వండర్ హాట్ నోటు ఖాళీ, "తేమ ఎక్కువ" చపాటా పక్కన ఉంది. రకం పేర్లు, రేట్లు మాత్రం సరిగ్గానే ఉన్నాయి. అందుకే ఇది టెస్టింగ్‌లో తప్పించుకుంటుంది.

జాబితా నుంచి కార్డులు కట్టే మ్యాప్‌లో కీగా ఇండెక్స్ (0 నుంచి మొదలయ్యే వరుస సంఖ్య) ఇచ్చారు. రియాక్ట్ కార్డును గుర్తుపట్టేది కీతోనే. తేజ పోగానే వండర్ హాట్ 0 అయింది, చపాటా 1 అయింది. 1 అనే కీతో ఉన్న పాత స్టేట్ చపాటాకు దక్కింది. ప్రాప్స్ పైనుంచి కొత్తగా వస్తాయి కాబట్టి అవి తప్పవు, కార్డు సొంతమైనవే తారుమారవుతాయి.

లాట్ ఐడీని కీగా ఇవ్వండి. సర్వర్ ఐడీ ఇంకా రాని కొత్త లాట్ అయితే, దాన్ని జాబితాలో చేర్చేటప్పుడే ఒకసారి ఐడీ పుట్టించి అట్టేపెట్టండి. రెండర్‌లో మ్యాథ్ ర్యాండమ్ రాస్తే ప్రతిసారీ అన్ని కార్డులూ కొత్తవైపోతాయి, పైన చెప్పిన కర్సర్ సమస్య మళ్లీ మొదటికొస్తుంది. ఐడీకి క్రిప్టో ర్యాండమ్ యూయూఐడీ వాడేవాళ్లకు ఒక మాట. అది హెచ్‌టీటీపీఎస్‌లోనూ లోకల్‌హోస్ట్‌లోనూ మాత్రమే ఉంటుంది. ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్‌ను ఫోన్‌లో మామూలు హెచ్‌టీటీపీతో తెరిచి టెస్ట్ చేస్తే ఆ ఫంక్షనే లేదని ఎర్రర్ వస్తుంది.

లక్షణం: ఒకే కార్డుకు ట్రూ, ఫాల్స్ ప్రాప్స్ పెరిగిపోతున్నాయి

మొదట రైతు కోసం కార్డు. తర్వాత అడ్తిదారు చూసే పేజీకి "రేటు దిద్దవచ్చు". ప్రింటుకు "బటన్లు దాచు". చపాటా మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ ముద్ర కూడా కావాలన్నారు, "ముద్ర చూపు". అప్పటికి మూడు. మూడు ట్రూ, ఫాల్స్‌లు కలిస్తే 8 రకాల కార్డులు, వాటిలో ఎవరైనా నిజంగా వాడేవి మూడో నాలుగో. మిగతావాటిలో బగ్ ఉన్నా ఎవరికీ తెలియదు.

దీని మూలం మంచి ఉద్దేశమే, మళ్లీ మళ్లీ రాయకూడదని. కాంపొనెంట్ల ఆలోచనను ముందుగా గట్టిగా వినిపించినవారిలో కంప్యూటర్ శాస్త్రవేత్త డగ్లస్ మెక్ఇల్‌రాయ్ ఒకరు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సాఫ్ట్‌వేర్ సదస్సులో ఆయన అడిగింది అన్నీ చేసే ఒకే రొటీన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) కాదు. ఖచ్చితత్వం, వేగం లాంటి అవసరాలను బట్టి ఏరుకునే రొటీన్ల కుటుంబాలు కావాలన్నారు. మనం చేస్తున్నది దానికి తలకిందులు.

కార్డు లోపలి ముక్కలను విడదీయండి. బయటి చట్రం ఒక కాంపొనెంట్, అది చిల్డ్రన్ (తన లోపల పెట్టిన ముక్కలు) తీసుకుని చూపిస్తుంది. రేటు వరుస ఒకటి, జీఐ ముద్ర ఒకటి. రైతు కార్డు, అడ్తి కార్డు, ప్రింటు కార్డు ఈ ముక్కలతో విడివిడిగా కట్టినవి. రెండు కార్డుల్లో నాలుగు వరుసలు ఒకేలా కనిపించినంత మాత్రాన కలిపేయకండి. మారే కారణాలు ఒకటే అయితేనే కలపాలి. ఇది నా పట్టుదల అనుకున్నా ఫర్వాలేదు: తొందరపడి కలిపినదాన్ని విడదీయడం కంటే రెండుచోట్ల ఉన్న కోడ్‌ను తర్వాత కలపడమే సుళువు.

లక్షణం: మధ్యలో ఎవరికీ అక్కర్లేని ప్రాప్ ఐదు మెట్లు దిగుతోంది

భాష తెలుగా, ఉర్దూనా అన్న సెట్టింగ్ పై నుంచి అడుగున బటన్ దాకా ప్రతి కాంపొనెంట్ చేతులు మారుతుంది. చాలామంది వెంటనే కాంటెక్స్ట్ (మధ్య మెట్లు దాటి విలువను నేరుగా అందించే రియాక్ట్ సదుపాయం) వైపు పరుగెడతారు. ముందు చిల్డ్రన్‌తో కట్టి చూడండి, మధ్య మెట్లు సగం అక్కర్లేకుండా పోతాయి. భాష, లాగిన్ అయిన మనిషి లాంటి యాప్ అంతటికీ కావాల్సినవాటికే కాంటెక్స్ట్. ప్రొవైడర్ (కాంటెక్స్ట్ విలువను పంచే కాంపొనెంట్) విలువగా అక్కడికక్కడ ఆబ్జెక్ట్ రాస్తే ప్రొవైడర్ రెండర్ అయినప్పుడల్లా అది కొత్తదే, దాన్ని చదివే కాంపొనెంట్లన్నీ మళ్లీ రెండర్ అవుతాయి. యూజ్‌మెమోకు ఇక్కడ నిజంగా పని ఉంది.

లక్షణం: నెట్‌వర్క్ ట్యాబ్‌లో అదే కాల్ ఆగకుండా పోతోంది, లేదా రెండుసార్లు పోతోంది

రెండూ వేరు. ఆగకుండా పోతుంటే యూజ్‌ఎఫెక్ట్ డిపెండెన్సీల్లో (ఏవి మారితే ఎఫెక్ట్ మళ్లీ నడవాలో చెప్పే జాబితాలో) ఆబ్జెక్టో అర్రేనో ఉండి ఉంటుంది. ఉదాహరణకు రకం, తేదీ కలిపి రెండర్‌లో కట్టిన ఫిల్టర్. లోపలి విలువలు అవే అయినా ప్రతి రెండర్‌కూ అది కొత్త ఆబ్జెక్ట్, పోలిక కుదరదు. ఎఫెక్ట్ నడుస్తుంది, డేటా వచ్చి స్టేట్ మారుతుంది, మళ్లీ రెండర్, మళ్లీ కొత్త ఫిల్టర్. ఆబ్జెక్ట్‌ను ఎఫెక్ట్ లోపలే కట్టి, డిపెండెన్సీల్లో రకం, తేదీ అనే విడి విలువలే పెట్టండి. లింటర్ (కోడ్‌లో తప్పులు చూపే టూల్) హెచ్చరికను నోరు మూయించడం పరిష్కారం కాదు.

సరిగ్గా రెండుసార్లే, అదీ మీ ల్యాప్‌టాప్‌లోనే పోతుంటే అది బగ్ కాదు. 2022లో వచ్చిన రియాక్ట్ 18 నుంచి స్ట్రిక్ట్ మోడ్ (తప్పులను ముందే బయటపెట్టే సెట్టింగ్) డెవలప్‌మెంట్‌లో ప్రతి ఎఫెక్ట్‌నూ ఒకసారి నడిపి, క్లీనప్ చేసి, మళ్లీ నడుపుతుంది. స్ట్రిక్ట్ మోడ్ తీసేయకండి. అబార్ట్ కంట్రోలర్‌తో (పంపిన కాల్‌ను మధ్యలో ఆపేది) క్లీనప్ రాయండి. తేజ ఎంచుకుని వెంటనే చపాటా నొక్కితే, ఆలస్యంగా వచ్చిన తేజ రేట్లు చపాటా పేరు కింద పడే ప్రమాదమూ దాంతోనే పోతుంది.

లక్షణం: కాంపొనెంట్లను విడి ప్యాకేజీ చేయగానే "ఇన్వాలిడ్ హుక్ కాల్"

హుక్‌ను (యూజ్‌స్టేట్, యూజ్‌ఎఫెక్ట్ లాంటివి) ఇఫ్ లోపల పిలవలేదు, కోడ్ అక్షరం మారలేదు, ఫోల్డర్ మారిందంతే. టెర్మినల్‌లో ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే టూల్) కమాండ్ ఎన్‌పీఎం ఎల్ఎస్ రియాక్ట్ అని కొట్టి చూడండి. రెండు రియాక్ట్‌లు కనిపిస్తే దొరికినట్టే. యాప్‌ది ఒకటి, మీ ప్యాకేజీ తనతో తెచ్చుకున్నది ఒకటి. మీ కాంపొనెంట్ ఒకదాని హుక్‌ను పిలుస్తోంది, రెండర్ చేస్తున్నది ఇంకొకటి. ఇక్కడా అదే ప్రశ్న: రియాక్ట్ ఎవరి సొంతం? యాప్‌దే. ప్యాకేజీలో దాన్ని డిపెండెన్సీల నుంచి తీసి పీర్ డిపెండెన్సీల్లో (యాప్ దగ్గర ఉన్నదే వాడుకుంటామని చెప్పే జాబితాలో) రాయండి, బండ్లర్‌లో (కోడ్ ఫైళ్లను కలిపి కట్టే టూల్‌లో) ఎక్స్‌టర్నల్‌గా పెట్టండి. ఎన్‌పీఎం లింక్‌తో (ప్యాకేజీ ఫోల్డర్‌ను నేరుగా యాప్‌కు ముడివేసే పద్ధతి) టెస్ట్ చేస్తుంటే ఇవన్నీ చేసినా ఎర్రర్ రావచ్చు, ఎందుకంటే ప్యాకేజీ ఫోల్డర్‌లోని సొంత రియాక్టే ముందు దొరుకుతుంది. ఎన్‌పీఎం ప్యాక్ చేసి, ఆ ఫైలును యాప్‌లో ఇన్‌స్టాల్ చేసి చూడండి.

లక్షణం: నా దగ్గర నడుస్తోంది, దోస్తు దగ్గర నడవడం లేదు

లాక్ ఫైల్‌ను (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో కచ్చితంగా రాసి ఉంచే ఫైలు) గిట్‌లో పెట్టలేదేమో చూడండి. ప్యాకేజీ ఫైలులో వెర్షన్ ముందు టోపీ గుర్తుతో (^) 1.4.2 అని ఉంటే 2.0.0 లోపు ఏదైనా రావచ్చు. మీరు నెల కింద ఇన్‌స్టాల్ చేశారు, ఆయన ఇవాళ చేశారు, ఇద్దరిదీ ఒకటే కోడ్ కాదు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని ఎన్‌పీఎం నుంచి తీసేస్తే బేబెల్ (కొత్త జావాస్క్రిప్ట్‌ను పాత రూపంలోకి మార్చే టూల్) లాంటి పెద్ద ప్రాజెక్టుల బిల్డ్‌లే ఆగిపోయాయి. లాక్ ఫైల్ అలా మాయమైన ప్యాకేజీని తెచ్చిపెట్టలేదు గానీ, చెప్పకుండా మారే వెర్షన్లను మాత్రం ఆపుతుంది. లాక్ ఫైల్‌ను కమిట్ చేయండి. దోస్తును ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ కొట్టమనండి. అది నోడ్ మాడ్యూల్స్ మొత్తం తీసేసి లాక్ ఫైల్‌లో ఉన్నవే పెడుతుంది. అప్పటికీ నడవకపోతే ఇద్దరి నోడ్ వెర్షన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. అవీ ఒకటే అయితే ఇంపోర్ట్‌లో ఫైలు పేరు చూడండి. విండోస్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉన్నా ఫైలు దొరుకుతుంది, లినక్స్‌లో దొరకదు.