పెరుగులా పేరుకున్న సిలికా ద్రావణం: నా అనుభవం

తిరుపతిలోని మా ప్రయోగశాలలో గాజు పలకలపై పలుచని పూత వేయడానికి 12 నానోమీటర్ల కణాలున్న 30 శాతం కొల్లాయిడల్ సిలికాను (నీటిలో అతి సూక్ష్మ సిలికా కణాలు తేలియాడే ద్రావణాన్ని) వాడుతున్నాను. బోరు నీటితో పలుచన చేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలుగా కలిపి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను; తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 6కు తెచ్చి ఉంచితే, తెల్లవారేసరికి బీకరును వంచినా కదలని గడ్డపెరుగులా మారింది. ఎంత కలిపినా విడిపోలేదు.

పీహెచ్ 9 దగ్గర కణాల ఉపరితలాలపై రుణావేశం ఉండి అవి ఒకదాన్నొకటి వికర్షించుకుంటాయి. 5, 6 ప్రాంతానికి దిగితే ఆ ఆవేశం తగ్గి, కణాల మధ్య సిలికాన్, ఆక్సిజన్ బంధాలు ఏర్పడి ద్రావణం త్వరగా పేరుకుంటుంది. కఠిన జలంలోని కాల్షియం దీనికి తోడవుతుంది. ఈ బంధాలు రసాయన బంధాలు కనుక పేరుకున్నదాన్ని పారవేయక తప్పలేదు.

ఇప్పుడు అయాన్లు తీసిన నీటినే వాడుతున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు కలిపే వరుసది: ద్రావణంలో ఆమ్లం పోయకుండా, బాగా తిరుగుతున్న ఆమ్లంలోకే ద్రావణాన్ని పోస్తే, అది ఆ ప్రమాదకర ప్రాంతాన్ని క్షణంలో దాటి, ఆ బంధాలు చాలా నెమ్మదిగా ఏర్పడే పీహెచ్ 2 దగ్గర నిలుస్తుంది. అదే రోజు పూత వేస్తున్నాను. పలకపై ఒక్క పలుకు కూడా కనిపించడం లేదు. మిగిలిన మూల ద్రావణాన్ని మాత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టనివ్వకూడదు.