టాంగో స్వయంబోధిని – 6వ పాఠం: మొదటి మిలోంగాకు ముందు

గత పాఠాల్లో ఆలింగనం, నడక, నిలుచున్న చోటనే బరువు మార్చుకోవడం, ఫాలోయర్ (జంటలో నడిపించే లీడర్‌ను అనుసరించేవారు) ఎడమపాదం కుడిపాదానికి ముందుగా అడ్డువచ్చే క్రూస్ నేర్చుకున్నాం. ఇంత మాత్రం వస్తే నృత్యసభకు, అంటే మిలోంగాకు, వెళ్ళవచ్చా అని చాలామంది సందేహిస్తారు. ఇంకో పాతిక విన్యాసాలు కాళ్ళకు పట్టుబడ్డాక వెళ్దాంలే అని వాయిదా వేస్తారు. వెళ్ళవలసింది ఇప్పుడే అని నా అభిప్రాయం. బ్యూనస్ ఎయిర్స్‌లోని వియా ఉర్కీసా పేటలో సండర్లాండ్ క్లబ్బు అని ఒకటి ఉంది. అక్కడ మిలోంగా జరిగేది బాస్కెట్‌బాల్ కోర్టు మీద. ఆ నేల మీద పేరు తెచ్చుకున్న పాతతరం నర్తకులను గమనిస్తే, పాటలో ఎక్కువ భాగం వాళ్ళు నడుస్తూనే ఉంటారు. విన్యాసం అరుదుగా, సంగీతం అడిగినప్పుడు మాత్రమే వస్తుంది. కాబట్టి మీ కొరత విన్యాసాలది కాదు. పదిమంది మధ్య నడవడం మీకింకా అలవాటు కాలేదు, అంతే. ఆ అలవాటు ఇంట్లో అద్దం ముందు రాదు.

ముందుగా ప్రాక్టికాకూ, అంటే సాధన కూడికకూ, మిలోంగాకూ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి. ప్రాక్టికాలో మధ్యలో ఆగవచ్చు, మాట్లాడుకోవచ్చు, ఒకే అడుగును పదిసార్లు తిరిగి వేయవచ్చు. మిలోంగాలో నేల మీద పాఠం చెప్పడం మర్యాద కాదు. ‘మీ భుజం బిగుసుకుంది’ అని భాగస్వామిని అక్కడ సరిదిద్దేవారు ఎంత బాగా నాట్యం చేసినా, వారితో మళ్ళీ కలవడానికి ఎవరూ ఉత్సాహం చూపరు.

మిలోంగాలో సంగీతం విడిపాటలుగా కాక టాండాలుగా, అంటే కొన్ని పాటల గుత్తులుగా, వస్తుంది. ఒక టాండాలో టాంగోలైతే సాధారణంగా నాలుగు, వాల్స్ అనే మూడు దెబ్బల లయ అయితే మూడు, మిలోంగా అనే పేరే ఉన్న చురుకైన లయ అయితే మూడు పాటలు ఉంటాయి. రెండు టాంగో టాండాలు, ఒక వాల్స్, మళ్ళీ రెండు టాంగో టాండాలు, ఒక మిలోంగా అనే వరుస చాలాచోట్ల కనిపిస్తుంది. టాండాకూ టాండాకూ మధ్య టాంగోతో సంబంధం లేని చిన్న సంగీతపు ముక్క ఒకటి వినిపిస్తుంది. దాన్ని కోర్టీనా అంటారు. అది వినగానే నేల ఖాళీ చేసి ఎవరి కుర్చీకి వారు వెళ్ళాలి.

ఒక టాండాలోని పాటలన్నీ సాధారణంగా ఒకే ఆర్కెస్ట్రావి, దాదాపు ఒకే కాలానివి అయి ఉంటాయి. అందువల్ల మొదటి పాట కొద్దిసేపు వింటే మిగిలినవి ఎలా నడుస్తాయో ఊహించవచ్చు. ఎవరితో కలవాలో, అసలు లేవాలో వద్దో నిర్ణయించుకోవడానికి ఈ ఊహ చాలా ఉపయోగపడుతుంది. హువాన్ దారియెన్సో ఆర్కెస్ట్రాలోకి పియానిస్టుగా రొడోల్ఫో బియాజి 1935లో వచ్చాక దాని తాళం పదునెక్కింది. ఆ పాటలకు చిన్న చిన్న, స్పష్టమైన అడుగులు నప్పుతాయి. కార్లోస్ ది సార్లి సంగీతంలో వయొలిన్లు పొడవుగా సాగుతుంటే కింద పియానో నిలకడగా నడిపిస్తుంది. కొత్తవారు మొట్టమొదట లేవవలసిన టాండా అదే. ఒస్వాల్దో పుగ్లియేసే పాటల్లో లయ సాగి, ఆగి, మళ్ళీ విరుచుకుపడుతుంది. వాటిని తొలి నెలల్లో కుర్చీలో కూర్చుని వినడమే మంచిది. దాని వల్ల మీకూ మీ భాగస్వామికీ కూడా మేలు.

ఇక ఆహ్వానం సంగతి. సంప్రదాయం పాటించే సభల్లో ఎదుటికి వెళ్ళి చేయి చాచి అడగరు. దూరం నుంచి కళ్ళతో చూడడం మిరాదా, తలతో సంజ్ఞ చేయడం కబెసేయో. మీరు ఒకరి వైపు చూస్తారు. వారికి ఇష్టముంటే చూపు నిలుపుతారు, లేకుంటే మెల్లగా పక్కకు తిప్పుకుంటారు. చూపు నిలిచిందంటే మీరు కొద్దిగా తల వంచుతారు, వారూ వంచుతారు, అంతటితో ఒప్పందం కుదిరినట్టే. వద్దన్న సంగతి మూడో మనిషికి తెలియకపోవడం ఈ పద్ధతిలోని గొప్పతనం. కాదనడానికి సాకు వెతుక్కోవలసిన పని లేదు, కాదనిపించుకున్నవారు నలుగురిలో చిన్నబోవలసిన పనీ లేదు. మన తెలుగువాళ్ళు ఒక విషయంలో జాగ్రత్తపడాలి. ‘సరే’ అనడానికి మనం తలను అటూ ఇటూ వాల్చి ఊపుతాం. ఎదుటివారికి అది వద్దన్నట్టు కనిపించవచ్చు. కాబట్టి తలను పైనుంచి కిందికి, ఒక్కసారి, స్పష్టంగా వంచండి. ఫాలోయర్లకు మరో మాట: సంజ్ఞ అందగానే లేచిపోకండి. అది మీ వెనుక కూర్చున్నవారికి కావచ్చు. లీడర్ మీ ముందుకు వచ్చి నిలిచి, చూపు మరోసారి కలిశాకే లేవాలి.

నేల మీద జంటలన్నీ గడియారపు ముల్లుకు ఎదురుదిశలో వరుసగా సాగుతాయి. ఆ వరుసే రోండా. గుడి ప్రదక్షిణకు సరిగ్గా వ్యతిరేక దిశ అని గుర్తుపెట్టుకుంటే పొరపాటు జరగదు: గోడ లీడర్ కుడిచేతి వైపు, సభామధ్యం ఎడమచేతి వైపు ఉండాలి. సాగుతున్న వరుసలోకి చొరబడకూడదు. వస్తున్న లీడర్ కంట పడి, ఆయన కాస్త నిదానించి చోటిచ్చాక ప్రవేశించాలి. ముందున్న జంటను దాటిపోకూడదు, వరుసకు ఎదురుగా వెనకడుగు వేయకూడదు, కిక్కిరిసిన నేల మీద కాలు మోకాలికి పైన ఎగరేయకూడదు. ముందున్నవారు ఆగితే మీరూ ఆగి, ఉన్నచోటనే బరువు మార్చుకుంటూ పాట వినాలి. రెండు పాటల నడుమ జంటలు కొద్దిసేపు కబుర్లాడుకోవడం ఆనవాయితీ. కొత్త పాట మొదలైన వెంటనే మీరొక్కరే పరుగు తీస్తే ముందున్నవారి వీపుకు తగులుతారు.

దీనికి ఇంట్లో చేయదగిన అభ్యాసం ఒకటి ఉంది. గది నాలుగు మూలల్లో నాలుగు కుర్చీలు వేసి, వాటి బయట చుట్టూ నడవడానికి చోటుంచండి. ది సార్లి పాట ఒకటి పెట్టి, గోడ కుడివైపు ఉండేలా తాళానికి ఒక అడుగు చొప్పున నడవండి. ఇంట్లోవారిని ఎప్పుడు తోస్తే అప్పుడు చప్పట్లు కొట్టమనండి. చప్పుడు వినగానే, వేస్తున్న అడుగును పూర్తిచేసి, రెండో పాదాన్ని దగ్గరకు చేర్చి, వెనక్కి జరగకుండా నిలవాలి. మళ్ళీ చప్పుడు వినేవరకు తాళం తప్పకుండా బరువు ఒక పాదం నుంచి మరొక పాదానికి మారుతూ ఉండాలి. తిరిగి కదిలేటప్పుడు ఏ పాదం ఖాళీగా ఉందో ఆలోచించకుండా తెలిసిపోయే దాకా దీన్ని విడవకండి. ఫాలోయర్లు ఇదే అభ్యాసాన్ని వెనక్కి నడుస్తూ చేయాలి. అప్పుడు గోడ ఎడమవైపు ఉంటుంది.

పరాయివారిని ఆలింగనం చేసుకోవడం మనలో చాలామందికి మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. దగ్గరి ఆలింగనమా, కాస్త దూరమా అన్నది ఫాలోయర్ ఇష్టం. లీడర్ చేతులు చాచి ఆగాలే తప్ప దగ్గరకు లాక్కోకూడదు. ఏ క్షణంలో ఇబ్బంది అనిపించినా ‘గ్రాసియాస్’ అని చెప్పి నేల దిగిపోయే హక్కు ఇద్దరికీ ఉంది. టాండా మధ్యలో ఆ మాట అంటే ‘ఇక చాలు’ అనే అర్థం. అందుచేత ఒక్కో పాట తర్వాత మర్యాదకోసం కృతజ్ఞతలు చెప్పే అలవాటును ఇక్కడ మానుకోవాలి; టాండా ముగిశాక చెప్పండి. స్త్రీలు లీడర్లుగా, పురుషులు ఫాలోయర్లుగా చేయడం ఇప్పుడు చాలా ఊళ్ళలో మామూలే, రెండు పాత్రలూ తెలిసినవారికి నేల మీద చూపు బాగుంటుంది.

మీరుండే నగరంలో టాంగో బృందం ఉంటే, వారంవారం ఒకే ప్రాక్టికాకు వెళ్ళండి; నాలుగుచోట్ల ముఖం చూపించడం కంటే ఒకచోట ముఖపరిచయం కావడం మేలు. కాస్త ముందుగా వెళ్ళి కుర్చీలు సర్దడంలో చేయి కలిపితే, సాయంత్రం మొదలయ్యేసరికి కొందరి పేర్లైనా తెలుస్తాయి, వారి చూపు కలపడం తేలికవుతుంది. మిలోంగా చివర్లో ఆనవాయితీగా వేసే పాట, మోంటెవీడియో విద్యార్థి హెరార్దో మాతోస్ రొద్రీగెస్ కూర్చిన ‘లా కుంపర్సీతా’. అది మొదలైతే సభ ముగుస్తోందని అర్థం. ఎవరితోనైనా కలవాలని సాయంత్రమంతా అనుకుని ఆగినవారు అప్పటికే చూపు కలిపి ఉండాలి.

వచ్చే పాఠంలో ముందుకు వేసే ఓచో (నేల మీద ఎనిమిది అంకెలా సాగే అడుగులు), దానికి కావలసిన నడుము మలుపు. అప్పటిలోగా చప్పట్ల అభ్యాసం రోజూ రెండు పాటలసేపు చేయండి.