ఉప్పుగాలి ఊళ్లలో కారు షెడ్డు షట్టర్‌కు రంగు ఎలా వేయాలి?

నెల్లూరు జిల్లా మైపాడు నుంచి ప్రకాశం జిల్లా కొత్తపట్నం దాకా సముద్రం పక్కన ఉన్న ఇళ్లలో ఇనుప షట్టర్‌కు వేసిన రంగు తొందరగా పొక్కులు లేస్తుంది. రంగు మంచిది కాదనుకుంటాం. చాలాసార్లు తప్పు దాని కింద మిగిలిపోయిన ఉప్పుది. అది తేమను పీల్చుకుని లోపల మళ్లీ తుప్పు పుట్టిస్తుంది. ఎమరీ పేపర్‌తో ఎంత రుద్దినా ఉప్పు పోదు, కడిగితేనే పోతుంది.

అందుకే ముందు షట్టర్ పూర్తిగా దించి, సబ్బు నీళ్లతో ముడతల్లోకి బ్రష్ పోనిచ్చి కడగండి. ఆరాక పెచ్చులు, తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, 120 నంబరు ఎమరీతో రుద్దండి. ముక్కుకు మాస్క్ తప్పనిసరి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇప్పుడు ఇంకోసారి కడగాలి. తుప్పు గుంటల్లో దాగిన ఉప్పు అప్పుడే బయటపడుతుంది. ఈ తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. కాబట్టి చివర్లో మాత్రం రెండు బిందెల మంచినీళ్లు పోయండి, పిసినారితనం వద్దు. వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

ఇనుము బయటపడ్డ చోట ఆరోజే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత పడాలి. రాత్రి మంచుకు వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. మామూలు ఇనుముకు రెడ్ ఆక్సైడ్ సరిపోతుంది. జింకు పూత ఉన్న జీఐ రేకైతే దానికి తగిన ఎచ్ ప్రైమర్ అడిగి తెచ్చుకోండి, లేకపోతే పైన వేసే ఎనామిల్ రంగు పొరలుగా ఊడిపోతుంది.

ఈ పనికి సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి దాకా మంచి సమయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, రోహిణి కార్తెలో రేకు కాలిపోతుంటుంది. కాలే రేకు మీద రంగు పైన ఆరి లోపల బుడగలు కడుతుంది. తూర్పు ముఖం షట్టర్‌కు మధ్యాహ్నం, పడమటి ముఖానికి మంచు ఆరాక ఉదయం వేయండి.

పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న షట్టర్‌కు రెండు లీటర్ల ఎనామిల్ చాలు. పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి విరామం. మందంగా ఒకేసారి పూస్తే ముడతల్లో కారుతుంది. పక్క పట్టాల్లోకి రంగు పోనివ్వకండి, టేపు అంటించండి.

రెండో పూత తర్వాత కనీసం ఒక పగలు, ఒక రాత్రి షట్టర్ ఎత్తకూడదు. పచ్చి రంగు చుట్టలో ఒకదానికొకటి అంటుకుని పీక్కొస్తుంది. కారు ముందే బయట పెట్టుకోండి.