పోకర్‌లో వరస ఓటములు: ముక్కలది ఎంత, పంతానిది ఎంత?

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా అదే పరిస్థితి వచ్చింది. నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా కూడా అందులో లేదు. కాబట్టి ఇది హైదరాబాద్‌లో ఉచిత చిప్స్‌తో (పందెం బిళ్ళలతో) పోకర్ ఆడేవాళ్ళ కోసం, పాత హ్యాండ్స్ (ముక్కలు పంచి తేల్చే ఒక్కో ఆట) ముందేసుకుని నేర్చుకునేవాళ్ళ కోసం, ఎప్పుడైనా గోవా వెళ్ళినప్పుడు క్యాసినో టేబుల్ మీద కూర్చునేవాళ్ళ కోసం రాస్తున్నది.

డబ్బు లేకపోతే ఇక బాధేముంది అనుకోవచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ మాదాపూర్, కొండాపూర్ హాస్టళ్ళలో ఉండి ఆడే కుర్రాళ్ళను చూస్తున్నా కదా, పైసా విలువ చేయని చిప్స్ పోయినా ఫోన్ మంచం మీదికి విసిరేస్తున్నారు. ఒకప్పుడు "డబ్బు పోయింది కాబట్టి కోపం" అని సర్దిచెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ సాకు లేదు, కోపం మాత్రం అలాగే ఉంది. అందుకే వరసగా ఓడిపోతున్నప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: పోయినదాంట్లో ముక్కల వల్ల పోయింది ఎంత, మన పంతం వల్ల పోయింది ఎంత? రెండింటికీ మందు వేరు.

సమస్య: "ఏసెస్ వచ్చినా ఓడిపోతున్నా. యాప్‌లోనే ఏదో మోసం ఉంది"

కారణం: మోసం కాదు, లెక్క. మీ దగ్గర ఏసెస్ (రెండు ఏస్‌లు), అవతలివాడి దగ్గర కింగ్స్ (రెండు కింగ్‌లు), ఫ్లాప్ (అందరికీ ఉమ్మడిగా పరిచే మొదటి మూడు ముక్కలు) పడకముందే ఇద్దరూ ఆల్ ఇన్, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశారు. మీరు గెలిచేది 100లో 82 సార్లే. అంటే దాదాపు అయిదింట ఒకసారి ఓడిపోవాల్సిందే. ఉచిత చిప్స్ టేబుల్ మీద పరిస్థితి ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ ఎవడూ ఫోల్డ్ చేయడు (ముక్కలు పడేసి తప్పుకోడు). ఏ ముక్కలున్నా సరే అని అయిదుగురు కాల్ చేసి (ఎదుటివాడు వేసినంతా తామూ వేసి) చివరిదాకా ఉంటే, మీ ఏసెస్ గెలిచేది సుమారు సగం సార్లు. పైగా ఏసెస్ వచ్చేదే సగటున 221 హ్యాండ్స్‌కు ఒకసారి. అంతసేపు ఎదురుచూసి వచ్చినవి ఓడిపోతే మనసులో ముల్లులా దిగబడిపోతాయి. గెలిచినవి రెండో రోజుకే మర్చిపోతాం.

అసలు చాలామందికి తెలియనిది ఎక్కువ కాలపు లెక్క. ఆరుగురు ఆడే నో లిమిట్ (పందేనికి హద్దు లేని) టేబుల్ మీద మీరు నిజంగానే మంచి ఆటగాడు, 100 హ్యాండ్స్‌కు సగటున 5 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు వేయాల్సిన పందెం, గెలుపోటములు కొలిచేది దీనితోనే) గెలుస్తారు అనుకుందాం. ఆ ఆటలో ఎత్తుపల్లాలు (స్టాండర్డ్ డీవియేషన్) 100 హ్యాండ్స్‌కు 90 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటాయి. ఈ లెక్కన 10,000 హ్యాండ్స్ ఆడాక కూడా మీరు నష్టంలో ఉండే అవకాశం 29 శాతం. లక్ష హ్యాండ్స్ ఆడితేగానీ అది 4 శాతానికి దిగదు. గంటకు 70 హ్యాండ్స్ చొప్పున రోజూ రెండు గంటలు కూర్చున్నా 10,000 పూర్తవడానికి రెండు నెలల పైనే పడుతుంది. గోవాలో డీలర్ పంచే టేబుల్ మీదైతే గంటకు 25, 30 హ్యాండ్సే. వారాంతం అంతా కూర్చున్నా ఆరేడు వందలు దాటవు. దాన్ని పట్టుకుని "నేను గోవాలో గెలిచొచ్చా" అనడానికీ, "పోకర్ నాకు రాదు" అని ఏడవడానికీ అర్థం లేదు.

పరిష్కారం: ఒక్క రోజు ఫలితాన్ని లెక్కలో వేయకండి. హ్యాండ్స్ సంఖ్య రాసుకోండి. 5,000 కూడా కాకుండా గెలుపోటముల గ్రాఫ్ తెరిచి చూడొద్దు. ఒమాహా (చేతికి నాలుగేసి ముక్కలిచ్చే పోకర్) ఆడేవాళ్ళు ఇంకా ఎక్కువ ఓపిక పట్టాలి, అందులో ఎత్తుపల్లాలు ఇంకా పెద్దవి.

సమస్య: "బ్యాడ్ లక్కా, నా ఆటే పాడైందా తెలియట్లేదు"

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే.

ఒక హ్యాండ్ చూడండి. మీ దగ్గర ఏస్, కింగ్, ఎదుట 100 బిగ్ బ్లైండ్ల చిప్స్. 3 బ్లైండ్లకు రెయిజ్ చేశారు (పందెం పెంచారు), బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడు ఒక్కడే కాల్ చేశాడు. పాట్ (మధ్యలో పోగైన పందెం) 6.5, తప్పుకున్న స్మాల్ బ్లైండ్‌వాడి అర కలిపి. ఫ్లాప్: కింగ్, 8, 5. అందులో రెండు ఆఠీన్లు. మీరు 4 వేశారు, వాడు కాల్. టర్న్‌లో (నాలుగో ముక్క) ఎందుకూ పనికిరాని 2. మీరు 10 వేశారు, మళ్ళీ కాల్. పాట్ 34.5 అయింది. రివర్‌లో (అయిదో, చివరి ముక్క) ఆఠీన్ 6. అంతవరకు నోరు మెదపనివాడు ఒక్కసారిగా మిగిలిన 83 బ్లైండ్లూ ముందుకు తోశాడు.

మీరు కాల్ చేశారు. వాడు ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) చూపించాడు. స్నేహితుడికి ఫోన్ చేసి ఏం చెబుతారు? "రివర్ మీద కొట్టాడు భాయ్, దరిద్రం నా వెంటే ఉంది." స్నేహితుడు "అయ్యో" అంటాడు. అక్కడితో కథ ముగుస్తుంది, రేపు మళ్ళీ మొదలవుతుంది.

లెక్క వేరే మాట చెబుతోంది. 83 పెట్టి 117.5 గెలవడానికి చూస్తున్నారు కాబట్టి ఆ కాల్ గిట్టాలంటే 41 శాతం పైగా సార్లు మీదే పైచేయి కావాలి. చిన్న టేబుళ్ళ మీద రెండుసార్లు ఊరికే కాల్ చేసినవాడు, ఫ్లష్ పడగానే పాట్‌కు రెండింతలకు పైగా తోస్తే, అందులో బ్లఫ్ (ముక్కల్లేకుండా బెదిరించడం) ఎంత ఉంటుంది? అది మీకూ తెలుసు. అయినా కాల్ చేశారు. ఎందుకంటే అరగంట ముందు అదే మనిషి బ్లఫ్ చేసి నవ్వుతున్న ఎమోజీ పెట్టాడు. ఆ 83 బ్లైండ్లు వేసింది పాట్ కోసం కాదు, ఆ ఎమోజీకి జవాబుగా.

అంటే ఆ హ్యాండ్‌లో 17 బ్లైండ్లు ముక్కల వల్ల పోయాయి. మీరు సరిగ్గానే ఆడారు, ఆఠీన్ పడింది, ఎవరేం చేస్తారు? మిగిలిన 83 పంతం వల్ల పోయాయి. 100 మొత్తాన్నీ దురదృష్టం కింద రాసుకుంటే ఎన్నేళ్ళయినా ఆట బాగుపడదు.

పరిష్కారం: ఒక నోట్‌బుక్, పేజీకి రెండు గళ్ళు. ఒకటి ముక్కల ఖాతా, ఇంకోటి పంతం ఖాతా. ఆడిన ప్రతిసారీ ఓడిపోయిన వాటిలో అన్నిటికన్నా పెద్ద మూడు పాట్‌లు తీసుకుని, పైన చేసినట్టు ఏ రౌండ్‌లో ఎంత వేశారో విడగొట్టి ఈ రెండింటిలో రాయండి. ఆల్ ఇన్ అయ్యాక ఓడిపోయినవి ముక్కల ఖాతాలోకే పోతాయి, డబ్బంతా లోపలికి వెళ్ళినప్పుడు మీదే పైచేయి అయితే. అనుమానంగా ఉన్న హ్యాండ్‌ను ఆట తెలిసిన ఇంకొకరికి పంపండి. చివరికి ఏమైందో మాత్రం చెప్పకండి. ఫలితం తెలిస్తే అవతలివాళ్ళు మీ మొహం చూసి జవాబిస్తారు. ఫలితం దాచి "ఇక్కడ నువ్వైతే ఏం చేస్తావు?" అని మాత్రమే అడగండి. మీరు ఏం చేసినా "సూపర్ అన్నా" అనేవాడికి పంపి లాభం లేదు.

కొన్ని వారాలయ్యాక రెండు ఖాతాలూ ఖాళీగానే ఉండి, చిన్న చిన్న పాట్‌లలోనే చిప్స్ కారిపోతున్నాయని తేలవచ్చు. అప్పుడు టిల్టూ (కోపంతో అదుపు తప్పిన ఆట) లేదు, బ్యాడ్ లక్కూ లేదు. ఆడలేక మద్దెల ఓడు అంటున్నామన్నమాట. కూర్చుని నేర్చుకోవాలి.

సమస్య: "వాడికంటే నేను బాగా ఆడతా, వాడే ఎలా గెలుస్తున్నాడు?"

"ఇది స్కిల్ గేమ్" అన్న మాట మన ఊళ్ళో చాలా పాతది. 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన కేసు మొదలైంది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ మీద జరిగిన పోలీసు దాడితోనే. తీర్పు రమ్మీ గురించి, వాదన మాత్రం పోకర్ ఆడేవాళ్ళు కూడా ఎత్తుకున్నారు. కోర్టులో ఆ వాదన ఎంత దూరం పోతుందో లాయర్లు చూసుకుంటారు. టేబుల్ మీద మాత్రం అది మనిషిని పాడుచేస్తుంది: నైపుణ్యం ఆట కాబట్టి గెలిస్తే నా తెలివి, ఓడితే ఎవడో నా హక్కు లాక్కున్నాడు.

ఇంకొందరు టీవీలో అమెరికా పోకర్ ఆటగాడు ఫిల్ హెల్మ్యూత్‌ను చూసి, ఓడినప్పుడు అరవడం గొప్ప ఆటగాడి లక్షణం అనుకుంటారు. 2023 నాటికి ఆయనకు 17 వరల్డ్ సిరీస్ బ్రేస్‌లెట్లు (ఆ పోకర్ టోర్నీలు గెలిచినవాళ్ళకు ఇచ్చేవి) ఉన్నాయి, నిజమే. అవి అరిచినందుకు ఇచ్చినవి కావు.

పరిష్కారం: అవతలివాడు అడ్డదిడ్డంగా ఆడి గెలిస్తే తిట్టకుండా అతని పేరు పక్కన నోట్ రాయండి. "ఫిష్" (చేతగాని ఆటగాడు), "పనికిరానివాడు" అని కాదు. "ఫ్లష్ డ్రాతో (ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువైనప్పుడు) ఎంత వేసినా కాల్ చేస్తాడు" అని. మొదటిది తిట్టు, రెండోది రేపు పనికొచ్చే సమాచారం. ఆ టేబుల్ మీద చాట్, ఎమోజీలు ఆపేయండి. అయినా కళ్ళు వాడి మీదే ఉంటే టేబుల్ మారండి.

సమస్య: పోయిన చోటే వెతుక్కోవాలనిపించడం

ఈ సామెత ఇంట్లో తాళంచెవి పోయినప్పుడు పనికొస్తుంది. పోకర్‌లో మాత్రం మునిగేవాడి మెడకు బండ కట్టినట్టే. లక్షణాలు సులభంగానే తెలుస్తాయి: ఒక టేబుల్ ఉన్నచోట మూడు తెరుస్తారు, ఇంకా పెద్ద బ్లైండ్ల టేబుల్‌కు ఎగబాకుతారు, "జీరోకి రాగానే పడుకుంటా" అంటారు. ముక్కలకు మీరు జీరోలో ఉన్నారా, లేదా అన్నది తెలియదు. గడువు పెట్టుకున్నది మీ పంతమే.

పరిష్కారం: కూర్చునే ముందే హద్దు గీసుకోండి. మూడు బై ఇన్‌లు (టేబుల్ మీద కూర్చునేటప్పుడు తెచ్చుకునే చిప్స్) పోతే లేచిపోవాలి. గెలుస్తున్నా సరే, అనుకున్న టైమ్ అవగానే ఆపాలి. అమెరికా ఆఫీసు ఫోన్ కాల్స్ ముగించి అర్ధరాత్రి ఆడేవాళ్ళకు రెండో నియమమే ముఖ్యం. నిద్ర లేని బుర్ర ఫోల్డ్ బటన్‌ను చూడదు.

ఈ దశలోనే ఎవడో టెలిగ్రామ్‌లో లింక్ పంపుతాడు: విదేశీ సైట్, అసలు డబ్బుతో ఆట, వీపీఎన్ పెట్టుకుంటే చాలు, డబ్బు ఫలానా మనిషికి యూపీఐ చేయాలి. వెళ్ళకండి. చట్టవిరుద్ధం అన్నది ఒక సంగతి. గెలిచింది ఇవ్వకపోతే అడిగే దిక్కుండదన్నది ఇంకొకటి. అలా డబ్బు తీసుకునే ఖాతాలు చాలావరకు ఇతరుల పేరు మీద తెరిచినవి. సైబర్ క్రైమ్ పోలీసులు ఆ ఖాతాను పట్టుకుంటే దానితో లావాదేవీ జరిపిన మీ ఖాతా కూడా స్తంభించవచ్చు. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సమస్య: టిల్ట్‌లో ఉన్నానని ఆట అయిపోయాకే తెలుస్తోంది

మనసును గమనించమని అందరూ చెబుతారు. మనసు అబద్ధాలు చెబుతుంది, వేలిని గమనించండి. మామూలుగా రివర్‌లో పది సెకన్లు ఆలోచించే మనిషి రెండు సెకన్లలో కాల్ నొక్కుతుంటే అదే టిల్ట్. అవతలివాడి వంతు ముగియకముందే బొటనవేలు బటన్ మీద పెట్టి కూర్చోవడం, ఫోల్డ్ చేసిన హ్యాండ్‌లో కూడా "ఉండుంటే గెలిచేవాడిని" అని గొణుక్కోవడం కూడా అంతే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మేనేజర్ మీద కోపంతో కూర్చున్న రోజు ఇవి మొదటి హ్యాండ్ నుంచే మొదలవుతాయి. ఆ రోజు అసలు తెరవకపోతే మేలు.

పరిష్కారం: పెద్ద నిర్ణయం వచ్చినప్పుడల్లా ఫోన్ కింద పెట్టి, "పాట్ ఇంత, నేను వేయాల్సింది ఇంత, వాడి దగ్గర ఏముండొచ్చు" అని పైకి అనండి. రూమ్‌మేట్ నవ్వితే నవ్వనివ్వండి. మూడో ప్రశ్నకు జవాబు రాకుండా "ఏదైతే అదయింది" అన్నారంటే ఆ హ్యాండ్ ఫోల్డ్ చేసి లేచి, కిందికెళ్ళి చాయ్ తాగి రండి.

సమస్య: గెలుపు తర్వాత మొదలయ్యే ఓటమి

దీన్ని ఎవరూ సమస్యగా గుర్తించరు. వారం రోజులు మంచి ముక్కలు పడగానే నోట్‌బుక్ మూలన పడుతుంది, అందరికీ సలహాలు ఇవ్వడం మొదలవుతుంది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గెలిచిన పాట్‌లకు కూడా రెండు ఖాతాలూ రాయండి. కాల్ తప్పయినా రివర్ కాపాడిన హ్యాండ్స్ ఎన్ని ఉన్నాయో చూస్తే తల దానంతటదే దిగుతుంది.

సమస్య: ఇంట్లో చెప్పలేని అప్పు

ఇది పోకర్ సమస్య కాదు, నోట్‌బుక్‌తో తీరదు. పాత రోజుల్లోని అప్పులు లోన్ యాప్‌ల మీద తిరుగుతున్నా, ఆడకపోతే చేతులు వణుకుతున్నా, ఎంత పోయిందో భార్యకు తక్కువ చేసి చెబుతున్నా ఆట నేర్చుకోవడం పక్కన పెట్టండి. జూదపు వ్యసనం ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో ఉంది, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఉచితం, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఎర్రగడ్డ పేరు వింటే మనవాళ్ళు నవ్వులాటకు దిగుతారు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి, అప్పుల చిట్టా కాగితం మీద పూర్తిగా రాసి పెట్టుకోండి. యూపీఐ రోజువారీ పరిమితిని ఆ ముందు రోజే తగ్గించి, జీతం పడే ఖాతా చూసుకునే పని కొన్నాళ్ళు వాళ్ళకే అప్పగించండి.