వ్యూలు వేలల్లో, డాలర్లు వేళ్ల మీద: డబ్బు సంగతుల బ్లాగుకు మరమ్మతు

2011లో అమెరికాలో మొదలైన 'మిస్టర్ మనీ మస్టాష్' అనే పొదుపు బ్లాగు మీద ఏడాదికి దాదాపు 4 లక్షల డాలర్లు వస్తున్నాయని 2016లో న్యూయార్కర్ పత్రిక రాసింది. ఆ అంకె చూసి కడపలోనో ఆదోనిలోనో తెలుగు బ్లాగు తెరిచినవాళ్లకు ఆర్నెల్ల తర్వాత యాడ్‌సెన్స్‌లో (బ్లాగులో ప్రకటనలు చూపి డబ్బిచ్చే గూగుల్ సేవ) 11 డాలర్లు కనిపిస్తే గుండె జారుతుంది. థీమ్ మార్చడం, రోజుకు మూడు పోస్టులు వేయడం అప్పుడే మొదలవుతుంది. ఆ రెండూ జబ్బు తెలియకుండా మింగే మాత్రలే.

ముందు ఒక లెక్క కట్టండి. ఆదాయాన్ని పేజీ వ్యూలతో భాగించి 1000తో హెచ్చిస్తే వచ్చేది ఆర్‌పీఎం, అంటే వెయ్యి వ్యూలకు వచ్చే ఆదాయం. నెలకు 40,000 వ్యూలు, 32 డాలర్లు అనుకుంటే ఆర్‌పీఎం 0.80 డాలరు. మొత్తానికి ఒక్క అంకె చూసి ఆగిపోకండి. యాడ్‌సెన్స్ రిపోర్టుల్లో దేశాలవారీగా ఒకసారి, పేజీలవారీగా ఇంకోసారి తీయండి. సగం జబ్బులు అక్కడే బయటపడతాయి.

వ్యూలు బాగున్నాయి, ఆర్‌పీఎం అడుగంటింది

గూగుల్ వాటా ఎక్కువ కొట్టేస్తోందని చాలామంది అనుమానం. కాదు. ప్రకటనదారు వైపు ఫీజు పోగా మిగిలినదాంట్లో 80 శాతం మీకే వస్తుంది. ప్రకటనదారు పెట్టిన ఖర్చులో అది సుమారు 68 శాతం. ఈ లెక్క అందరికీ ఒకటే. 2024 నుంచి క్లిక్కుకు బదులు ప్రకటన కనిపించినందుకే చెల్లిస్తున్నారు కూడా. కాబట్టి తేడా అంతా చదివేది ఎవరు, ఏ అవసరంతో వచ్చారు అన్నదాంట్లోనే ఉంది.

ప్రొద్దుటూరులాంటి బంగారు ఊళ్లో 'ఈరోజు బంగారం ధర' పోస్టుకు జనం విరగబడి వస్తారు. ధర చూస్తారు, పోతారు. వాళ్లకు ఏదైనా అమ్మొచ్చని ఏ ప్రకటనదారుకూ అనిపించదు. అదే మనిషి రేపు నగలు తాకట్టు పెట్టాలనుకుంటే వెతికేది వేరు: ఎన్ని గ్రాములకు ఎంత ఇస్తారు, వడ్డీ ఎలా కడతారు, గడువు దాటితే వేలం ఎప్పుడు. 2026 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2.5 లక్షల దాకా రుణానికి బంగారం విలువలో 85 శాతం, 5 లక్షల దాకా 80, ఆపైన 75. అన్నిటికీ 75 శాతమే అని రాసి వదిలేసిన పాత పేజీ మీ బ్లాగులో ఉంటే ముందు దాన్ని సరిదిద్దండి. ధర పోస్టులోంచి ఆ పేజీకి ఒక లింకు వేయండి. ధర పోస్టుల సంఖ్య పెంచడం కన్నా ఇదే పనికొస్తుంది.

రెండో కారణం పాఠకుడున్న దేశం. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు చాలామంది. మీ తెలుగు పేజీని వాళ్లు అక్కడ తెరిస్తే అందులోని ప్రకటన చోటు అక్కడి ప్రకటనదారుల వేలంపాటలో పడుతుంది, రేటు చాలావరకు మనకన్నా మెరుగ్గానే ఉంటుంది. దేశాల రిపోర్టులో కువైట్ వరుస పైకి కనిపిస్తే వాళ్లకు కావలసింది రాయండి: ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన దాచుకునేది) వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇక్కడి ఆదాయం కోసం ప్రవాసులు ఉంచుకునేది) వడ్డీలో బ్యాంకు 30 శాతం పన్ను, పైన సెస్సు కోస్తుంది, విదేశంలో స్థిరపడ్డాక ఊళ్లో పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. ఇలాంటి ఒక్క పేజీ, ఇరవై పొదుపు సూక్తుల పెట్టు.

మార్చిలో కళకళ, ఏప్రిల్‌లో వెలవెల

ఇది జబ్బు కాదు. మార్చి 31తో పన్ను ఆదా సీజను ముగుస్తుంది, బీమా, ఫండ్ల కంపెనీలు ప్రకటనల ఖర్చు తగ్గిస్తాయి. ఏప్రిల్‌ను మార్చితో పోల్చకండి, నిరుటి ఏప్రిల్‌తో పోల్చండి. రిటర్నుల పోస్టులు జూన్ కల్లా సిద్ధంగా ఉంచుకోండి.

అఫిలియేట్ లింకు నొక్కారు, కమీషన్ సున్నా

మీ లింకు ద్వారా ఎవరైనా ఖాతా తెరిచినా, కార్డు తీసుకున్నా కంపెనీ మీకిచ్చే కమీషనే అఫిలియేట్ ఆదాయం. పెద్ద బ్లాగుల డబ్బులో పెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తుంది. పోయేదీ ఇక్కడే.

ఫేస్‌బుక్‌లాంటి యాప్‌ లోపల తెరుచుకున్న పేజీ నుంచి ప్లే స్టోర్‌కు వెళ్లేటప్పుడు మీ లింకు గుర్తు తెగిపోవచ్చు. యాప్ ఇంతకుముందే ఫోన్‌లో ఉన్నవాళ్లను కొత్త ఖాతాదారుగా లెక్కించరు. ఖాతా తెరిచి డబ్బు వేయకపోతే కొన్ని కంపెనీలు చెల్లించవు. క్రెడిట్ కార్డులకైతే పిన్‌కోడ్ గండం: కళ్యాణదుర్గం నుంచి అప్లికేషన్ పెడితే 'మీ ప్రాంతంలో సేవ లేదు' అనొచ్చు. ఒప్పందంలో దేన్ని చెల్లుబాటు అంటారో చదవండి, పిన్‌కోడ్ల జాబితా అడగండి, ఆ సంగతి పోస్టులోనే రాసేయండి. పనికిరాని క్లిక్కులు తగ్గుతాయి, పాఠకుడి తిట్లూ తగ్గుతాయి. ఆ తర్వాత యాప్ లేని ఫోన్‌లో మీ లింకును మీరే ఒకసారి నొక్కి, డ్యాష్‌బోర్డులో నమోదయిందో లేదో చూడండి.

వచ్చిన కమీషన్ కొంచెం తక్కువగా ఉంటే టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసే పన్ను) అయి ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి కమీషన్ మీద 5 శాతం కాస్తా 2 శాతమైంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. కోసింది పన్ను ఖాతాలో చూసుకుని రిటర్నులో తిరిగి కోరండి.

డాలర్లు కనిపిస్తున్నాయి, బ్యాంకుకు రావడం లేదు

100 డాలర్లు నిండనిదే యాడ్‌సెన్స్ పంపదు. అంతకుముందే, 10 డాలర్ల దగ్గర, మీ చిరునామా సరిచూసేందుకు తపాలాలో పిన్ అనే అంకెల కోడ్ వస్తుంది. మామూలు ఉత్తరం, ట్రాకింగ్ ఉండదు. 'రామాలయం పక్కన' అని మాత్రమే రాస్తే అందదు. డోర్ నంబరు, ఊరు, మండలం, పిన్‌కోడ్ ఇవ్వండి, పోస్ట్‌మ్యాన్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. మొదటి పిన్ పుట్టిన రోజు నుంచి 4 నెలల్లో దాన్ని యాడ్‌సెన్స్‌లో ఎక్కించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి.

ఇంకో చిక్కు మన ఇంటిపేర్లది. బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం, యాడ్‌సెన్స్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే డబ్బు తిరిగి వెళ్లిపోవచ్చు. పాస్‌బుక్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఎక్కించండి. మండల శాఖలకు చాలావాటికి స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకు గుర్తు) ఉండదు. విదేశీ చెల్లింపులు చూసే శాఖ కోడ్ అడిగి, ఖాతా నంబరు మాత్రం మీదే ఇవ్వండి. డబ్బు ఏ పని మీద వచ్చిందని బ్యాంకు అడిగితే ప్రకటనల సేవకు కోడ్ పి1007. చెల్లింపులు నెలలో 21, 26 తేదీల మధ్య బయలుదేరతాయి. వారం గడిచినా పడకపోతే యాడ్‌సెన్స్ రసీదుతో బ్యాంకుకు వెళ్లండి, గూగుల్‌కు రాసి కూర్చోవద్దు.

స్పాన్సర్లు ఉన్నట్టుండి మాట్లాడడం మానేశారు

పాత పోస్టుల్లో 'ఈ షేరు కొనండి' ఉందేమో వెతకండి. 2024 ఆగస్టులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమాలు మారాక, రిజిస్ట్రేషన్ లేకుండా సలహా ఇచ్చేవాళ్లతో బ్రోకర్లు, ఫండ్ కంపెనీలు సంబంధం పెట్టుకోకూడదు. పాఠం చెబుతున్నానన్నా చెల్లదు: ఉదాహరణకు వాడే షేరు ధర కనీసం 3 నెలల పాతదై ఉండాలని 2025 జనవరి సర్క్యులర్ చెప్పింది. అలాంటి పోస్టులు తీసేయండి. వాటి పాత లింకులను అదే విషయం మీదున్న పేజీకి 301తో (పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే దారిమళ్లింపు) మళ్లించండి. అన్నిటినీ హోంపేజీకి తోస్తే గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కేస్తుంది.